ఊరి పాత హత్య కేసు చరిత్ర రాయాలంటే ఏం చేయాలి: గుంటూరు, పల్నాడు, బాపట్ల వారికి

రచ్చబండ మీద చెప్పుకునే పాత హత్య కథలో మూడు సంగతులు దాదాపు ఎప్పుడూ తప్పే ఉంటాయి: ఏ ఏడాది జరిగింది, ముద్దాయిలు ఎంతమంది, చివరికి కోర్టు ఏం తేల్చింది. ఎవరు పోయారో, ఏ డొంకలో పోయారో మాత్రం ఊరు మరిచిపోదు. కాబట్టి ఊరి నోటినుంచి పేరు, చోటు తీసుకోండి. మిగతా మూడింటికీ కాగితం వెతకండి. గ్రామ చరిత్రలు రాసే చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కథంతా పెద్దల నోట విని, ఒక పాత పేపరు కటింగు జత చేసి అచ్చేస్తారు. కొట్టివేసిన కేసులో మనిషి హంతకుడిగా పుస్తకంలోకి ఎక్కేది ఇలాగే.

ముందు ఏడాది

"సరిగ్గా ఎప్పుడు జరిగింది?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "సాగర్ కాలవకు నీళ్లు రాకముందా, వచ్చాకా?" అని అడిగితే చెబుతారు. ఈ ప్రాంతంలో పనికొచ్చే గుర్తులు చాలానే ఉన్నాయి: నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967 ఆగస్టు, జై ఆంధ్ర ఉద్యమం నడిచిన 1972-73, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19, ఎన్టీఆర్ గెలిచిన 1983 జనవరి, కరణం మునసబుల ఉద్యోగాలు తీసేసిన 1984, మండలాలు వచ్చిన 1985, మే నెల తుఫాను వచ్చిన 1990. అలాంటి రెండు గుర్తుల మధ్యకు సంఘటనను తెస్తే వెతకాల్సింది అయిదారేళ్లకు తగ్గుతుంది.

తెలుగు సంవత్సరం పేరు చెబితే జాగ్రత్తగా ఉండాలి. "నందన" అంటే 1832-33 కావచ్చు, 1892-93 కావచ్చు, 1952-53 కావచ్చు. అరవై ఏళ్ల చక్రంలో ఏ తిరుగుడో తేల్చాలంటే చనిపోయినవారి మనవల వయసు లెక్కేయాలి. ఏడాది కొంచెం తేలాక జనన మరణాల రిజిస్టరు చూడండి. మునసబుల కాలం పుస్తకాలు మిగిలిన చోట పంచాయతీలోనో తహసీల్దారు కార్యాలయంలోనో ఉంటాయి. మరణ తేదీ ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే.

రెండు హత్యలు కలిసి ఒకే కథగా మారడం పార్టీ కక్షలున్న ఊళ్లలో మామూలు. మొదటి హత్యకు ప్రతీకారంగా రెండోది జరిగి ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత రెండూ ఒకే రోజు జరిగినట్టు చెబుతారు. చనిపోయినవారి పేర్లు విడివిడిగా రాసుకుని, ఒక్కో పేరుకూ ఒక్కో మరణ తేదీ వెతకడం తప్ప దీనికి వేరే దారి లేదు.

అప్పటి జిల్లా, అప్పటి స్టేషను

ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు. నేటి గుంటూరు జిల్లాకు మూలమైన పాత జిల్లా 1904లో కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. అంతకుముందు, 1859 నుంచీ, గుంటూరు ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనే ఉండేది. ఒంగోలు వైపు ఊళ్లు 1970లో కొత్త జిల్లాలోకి పోయాయి, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు వచ్చాయి. కారంచేడునే తీసుకోండి. 1970కి ముందు గుంటూరు జిల్లా, 1985 జులై 17న దళితులపై హత్యాకాండ జరిగినప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఒకే ఊరి కాగితాలు మూడు జిల్లాల పేర్ల కింద ఉంటాయి.

ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో చిక్కు. పాత తీర్పుల్లో పల్నాడు చివరి "ఉ" లేకుండా "పల్నాడ్" అని, బెజవాడ "బెజ్వాడ" అని, కృష్ణా "కిస్ట్నా" అని ఉంటాయి. ఊరి పేరులోని "పాడు" "పాడ్" అవుతుంది, "పల్లి" "పల్లె" అవుతుంది. ఒక్కో పేరుకు నాలుగైదు రూపాలు రాసుకుని అన్నిటితోనూ వెతకాలి.

తర్వాత స్టేషను. ఈ రోజు మీ ఊరు ఏ స్టేషను కింద ఉందన్నది కాదు, ఆ రోజు ఏ స్టేషను కింద ఉందన్నది ముఖ్యం. ఇక్కడ రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. శవం రైలు పట్టాల మీద దొరికితే కేసు రైల్వే పోలీసులది, ఊరి స్టేషనులో దాని జాడే ఉండదు. శవం కాలవలో దొరికితే, దొరికిన చోటి స్టేషనులో "గుర్తు తెలియని శవం" అని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 174 కింద మొదలయ్యేది. కాలవ నీళ్లు శవాన్ని మైళ్ల దూరం తీసుకుపోతాయి. అందుకే ఎగువన ఉన్న ఊళ్లో కేసు కనిపించకపోతే దిగువన ఉన్న లాకుల దగ్గరి స్టేషన్లలో వెతకాలి.

నంబర్ల గొలుసు

కేసు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కొత్త నంబరు పడుతుంది. ఒక నంబరు దొరికితే దాని ముందుదీ వెనకదీ అందులోనే రాసి ఉంటాయి. స్టేషనులో క్రైం నంబరు, అది ఎఫ్‌ఐఆర్ మీద ఉంటుంది. హత్య కేసు మేజిస్ట్రేటు కోర్టుకు వచ్చినప్పుడు పి.ఆర్.సి. నంబరు. అక్కడినుంచి సెషన్స్‌కు కమిట్ అయ్యాక ఎస్.సి. నంబరు. ఈ "ఎస్.సి."ని చూసి సుప్రీంకోర్టు అనుకునేవాళ్లున్నారు, అది సెషన్స్ కేసు. హైకోర్టులో క్రిమినల్ అప్పీలు నంబరు. ఉరిశిక్ష పడితే దాన్ని హైకోర్టు ఖాయం చేయాలి కాబట్టి ఆర్.టి. అనే వేరే నంబరు కూడా ఉంటుంది. కొట్లాటలు, గాయాల కేసులు సెషన్స్ దాకా పోకపోతే మేజిస్ట్రేటు దగ్గర సి.సి. నంబరుతోనే ముగుస్తాయి.

గొలుసును పైనుంచి కిందికి పట్టుకోవడం తేలిక. హైకోర్టు తీర్పు మొదటి పేరాలోనే సెషన్స్ కేసు నంబరు, ఏడాది, ఏ డివిజన్ జడ్జి అన్నది ఉంటాయి. అందుకే ముందు అప్పీలు తీర్పు కోసం వెతకండి.

గుంటూరు కేసు అప్పీలు ఏ హైకోర్టులో ఉంటుందన్నది ఏడాదిని బట్టి మారుతుంది. 1954 జులైకి ముందువి మద్రాసు హైకోర్టువి. 1954 జులై 5 నుంచి 1956 నవంబరు దాకా ఆంధ్ర హైకోర్టు గుంటూరులోనే నడిచింది. ఆ తర్వాత 2018 చివరి దాకా హైదరాబాదు. 2019 జనవరి 1 నుంచి అమరావతి. 1949 వరకూ ఆపైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఉండేది, తర్వాత ఆ స్థానంలోకి సుప్రీంకోర్టు వచ్చింది.

పాత తీర్పుల్లో అచ్చయినవి కొన్నే. 1876 నుంచి ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సంపుటాలు, 1891 నుంచి మద్రాస్ లా జర్నల్, 1914 నుంచి ఆలిండియా రిపోర్టర్ ఉన్నాయి. జిల్లా బార్ అసోసియేషన్ లైబ్రరీల్లో, పాత వకీళ్ల ఇళ్లలో ఈ సెట్లు కనిపిస్తాయి. ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. ఊరి పేరు, "గుంటూరు", పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో హత్య సెక్షన్ అయిన "302" ఇంగ్లీషులో కలిపి కొట్టండి. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్యలకు 302 బదులు భారతీయ న్యాయ సంహితలోని 103 ఉంటుంది. పార్టీ కొట్లాటలో జరిగిన పాత హత్యలకు ఐపీసీలో అల్లరి, గుంపు నేరాల 147, 148, 149 సెక్షన్లు కూడా చేర్చి చూడాలి.

తీర్పు చదవడం

పల్నాడు నుంచి లండన్ దాకా వెళ్లిన ఒక కేసును ఉదాహరణగా తీసుకుందాం. పులుకూరి కోటయ్య వర్సెస్ కింగ్ ఎంపరర్ కేసు తెలియని న్యాయశాస్త్ర విద్యార్థి ఈ దేశంలో ఉండడు. 1944 డిసెంబరు 29న అల్లరి, హత్యలు జరిగాయి. గుంటూరు సెషన్స్ కోర్టు శిక్షలు వేసింది, మద్రాసు హైకోర్టు అప్పీలు కొట్టేసింది, 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1947 ఆలిండియా రిపోర్టర్ ప్రివీ కౌన్సిల్ భాగంలో 67వ పేజీ. మూడు కోర్టులూ రెండేళ్లలోపే అయిపోయాయి.

ఆ తీర్పులో ఒక ముద్దాయి పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం ఉంది. పులిపాడు చెరువు మూల దగ్గర పొద్దుగూకేవేళ కాపు కాశామనీ, కొట్టి చంపామనీ, బరిసెను, కర్రను ఫలానా ఆయన వామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ దాని సారాంశం. చదివితే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఊరి చరిత్ర రాసేవాడికి ఇంతకంటే మంచి పేరా దొరకదనిపిస్తుంది.

పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 27 కింద, వస్తువు దొరకడానికి నేరుగా సంబంధించిన మాటలు మాత్రమే పనికొస్తాయని ఆ తీర్పు తేల్చింది. అంటే దాచాను, చూపిస్తాను అన్న ముక్క నిలుస్తుంది. కాపు కాశాం, చంపాం అన్న ముక్క నిలవదు. కోర్టు పక్కన పెట్టిన మాటలే ఎనభై ఏళ్లుగా ప్రతి పాఠ్యపుస్తకంలో అచ్చవుతున్నాయి. వాటిని ఎత్తి "ఇలా జరిగింది" అని రాస్తే, కోర్టు వద్దన్న పనే మీరు చేసినట్టు. రాయాలనుకుంటే "పోలీసుల ముందు ఇలా చెప్పినట్టు రికార్డయింది, కోర్టు దీన్ని సాక్ష్యంగా తీసుకోలేదు" అని రెండు ముక్కలూ కలిపి రాయండి.

ఆ కేసు నేర్పే రెండో సంగతి: పై కోర్టు తీర్పులో ఊరి కథ ఉండదు, చట్టం మీద వాదన ఉంటుంది. ఆ పార్టీలకు పగ ఎందుకు వచ్చిందో అందులో దొరకదు. అది సెషన్స్ తీర్పులో వెతకాలి, అక్కడ "మోటివ్" అని ఒక పేరా విడిగా ఉంటుంది. ఇంకా లోతుకు పోవాలంటే రెవెన్యూ కార్యాలయం వైపు వెళ్లాలి. హత్యకు రెండు మూడేళ్ల ముందు ఇరుపక్షాలనూ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 107 కింద బైండోవర్ చేసి (గొడవ చేయమని పూచీ రాయించుకుని) ఉండవచ్చు, పొలం తగాదాలో సెక్షన్ 145 ఉత్తర్వు ఇచ్చి ఉండవచ్చు. ఆ దస్త్రాలు ఆర్డీవో, తహసీల్దారు కార్యాలయాలవి. కక్ష మొదలు అక్కడే తెలుస్తుంది, అయినా చాలామంది అటు పోనే పోరు.

సెషన్స్ తీర్పులో పి.డబ్ల్యు. అంటే ప్రాసిక్యూషన్ సాక్షి, ఎగ్జిబిట్ పి అంటే వారు దాఖలు చేసిన కాగితం, ఎం.ఓ. అంటే పట్టుకున్న వస్తువు. 1956కి ముందు తీర్పుల్లో, జడ్జి పక్కన కూర్చుని సలహా చెప్పే అసెసర్ల అభిప్రాయం అని ఉంటుంది, అది జడ్జిని కట్టివేసేది కాదు. "ద్వీపాంతరం" అని ఉంటే ఇప్పటి యావజ్జీవం అనుకోవాలి. సాక్షి తెలుగులో చెప్పినది కోర్టు ఇంగ్లీషులో రాసుకునేది. ఇంగ్లీషు తీర్పు మధ్యలో బరిసె, గండ్రగొడ్డలి, బాణాకర్ర లాంటి మాటలు అలాగే కనిపిస్తే వాటిని వదలొద్దు, మీ తెలుగులోకి అవే తెచ్చుకోండి.

ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న పేర్లన్నీ నేరం చేసినవారివి కావు. కక్ష ఊళ్లలో అవతలి పార్టీ పెద్దలందరినీ ఇరికించడం పాత అలవాటు, తీర్పుల్లోనూ జడ్జీలు ఆ మాట రాస్తుంటారు. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరిందో చూడండి. రాత్రి జరిగిన సంగతి మర్నాడు సాయంత్రం చేరితే ఆ మధ్య ఆలోచించుకుని పేర్లు చేర్చారన్న వాదన తీర్పులో తప్పకుండా ఉంటుంది. సాక్షులు అడ్డం తిరిగారా, గుడ్డి దీపం వెలుగులో గుర్తుపట్టామన్నారా అన్నదీ గమనించాలి. కేసు కొట్టేశారంటే నేరం జరగలేదని అర్థం కాదు. ఈ ముద్దాయిల మీద రుజువు కాలేదని అర్థం. ఈ తేడాను రాతలో పాటించాలి.

చివరి మెట్టు దాకా వెళ్లకుండా ఎక్కడా ఆగకూడదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. విచారణ ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో జరిగింది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ముద్దాయిలందరినీ విడుదల చేసింది, తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007 దగ్గర ఆగిన వ్యాసం ఒక కథ చెబుతుంది, 2014 తర్వాతి వ్యాసం ఇంకో కథ చెబుతుంది. బాధిత కుటుంబాలు ఆ మెట్లన్నీ ఎక్కి దిగాయి. రాసేవాడు ఒక్క మెట్టు దగ్గర ఆగడం వారికి అన్యాయం.

పత్రికలు

దినపత్రికగా ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి 1914 నుంచీ, ఆంధ్రప్రభ 1938 నుంచీ, విజయవాడ నుంచి విశాలాంధ్ర 1952 నుంచీ, ఆంధ్రజ్యోతి 1960 నుంచీ వచ్చాయి. మచిలీపట్నం కృష్ణాపత్రిక 1902 నాటిది. పాత సంచికల కోసం మొదట వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల నిల్వ ఈ చుట్టుపక్కల మరెక్కడా అంత లేదు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం చూడవచ్చు.

ఒక్కో కేసుకు మూడు చోట్ల చూడాలి: సంఘటన జరిగిన మర్నాటి నుంచి పది రోజులు, సెషన్స్ తీర్పు వారం, హైకోర్టు తీర్పు వారం. మొదటి వార్తలో మృతుల సంఖ్య, పేర్లు తరచూ తప్పుగా ఉంటాయి, రెండో మూడో రోజు సవరిస్తారు. ఆ సవరణ లోపలి పేజీలో నాలుగు లైన్లలో ఉంటుంది. యుద్ధకాలంలో కాగితం కరువు వల్ల పేజీలు తగ్గాయి కాబట్టి 1942-45 నాటి పల్లె హత్యలకు రెండు మూడు లైన్లకు మించి ఆశించవద్దు. పాత బైండ్లు పెళుసుగా ఉంటాయి. అనుమతి అడిగి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. పత్రిక పేరు, తేదీ, పేజీ కనిపించేలా ఒక ఫోటో, వార్త మీద ఒక ఫోటో తీసుకోండి. తేదీ లేని కటింగుకు విలువ లేదు.

అర్జీలు

కోర్టు తీర్పు నకలు కోసం కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసులో పార్టీ కానివారు కారణం చెబుతూ అఫిడవిట్‌తో అర్జీ పెట్టుకోవాలి, కోర్టు అనుమతిస్తేనే ఇస్తారు. "గ్రామ చరిత్ర రచన కోసం" అని సూటిగా రాయండి. ఎస్.సి. నంబరు, ఏడాది లేకుండా వెళితే రికార్డు రూములో ఎవరూ వెతకలేరు. గడువు తీరిన కేసు కాగితాలను కోర్టులు నాశనం చేస్తాయి. సాక్షుల వాంగ్మూలాలు పోయి తీర్పు మాత్రమే మిగిలి ఉండటం మామూలే. దొరకలేదంటే అది రాతపూర్వకంగా తీసుకోండి.

పోలీసు రికార్డుకు సమాచార హక్కు అర్జీ ఎస్పీ కార్యాలయంలోని సమాచార అధికారికి పెట్టండి. రాష్ట్రంలో రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఎక్కువ అర్జీలు తిరిగొచ్చేది అడిగే తీరు వల్ల. "ఆ హత్య ఎందుకు జరిగింది?" అంటే జవాబు రాదు. "ఫలానా స్టేషను, ఫలానా ఏడాది, ఫలానా క్రైం నంబరు ఎఫ్‌ఐఆర్ నకలు, తుది నివేదిక నకలు" అని అడగండి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనలకు చట్టంలోని సెక్షన్ 8(3) చాలా మినహాయింపులను తీసేస్తుంది. ఆ సెక్షనును అర్జీలోనే పేర్కొనండి. స్టేషన్లలో ఊరివారీగా రాసే క్రైం హిస్టరీ, రౌడీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు మాత్రం బయటివారికి చూపరు. ఎవరైనా చాటుగా చూపినా వాడవద్దు. షీటు అనేది పోలీసుల అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

బ్రిటిషు కాలానికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడ మద్రాసు ప్రభుత్వ జ్యుడీషియల్, పోలీసు శాఖల దస్త్రాలు, ఏటేటి పోలీసు పాలనా నివేదికలు ఉన్నాయి. ఈ నివేదికల్లో ఒక విషం ఉంది, దాన్ని గుర్తుపట్టాలి. కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకు వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్మెంట్లలో ఉంచి హాజరు వేసేవారు. అప్పటి అధికారి "ఫలానా తెగవాళ్లు చేసి ఉంటారు" అని రాస్తే అది దర్యాప్తు కాదు, ఆ చట్టం నేర్పిన అలవాటు. దొంగతనం జరిగిన ప్రతి చోటా వారి పేరే పడింది. దాన్ని యథాతథంగా దించితే ఇప్పటి పిల్లల మీద కూడా ఆ ముద్ర వేసినట్టవుతుంది. పేరుతో, నంబరుతో, శిక్షతో ఉన్న కేసు ఉంటేనే రాయండి, తెగ పేరు అవసరమైతే తప్ప ఎత్తవద్దు.

హత్యలు కాని వ్యవహారాలు

జమీందారీ రచ్చలు, దత్తతల గొడవలు, కచేరీ లంచాలు క్రైం నంబర్లలో దొరకవు. అవి సివిల్ దావాల్లో, విచారణ నివేదికల్లో ఉంటాయి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో పోయాక ఇద్దరు దత్తపుత్రుల తగాదా 1846లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని తేలింది. ఆయన చెంచులను విందుకు పిలిచి నరికించాడన్న కథ నరుకుళ్లపాడు పేరుతో ముడిపడి ఉంది. ఇలాంటి వాటికి "అని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు" అని రాయడం సరైన పద్ధతి. ఊరి పేరును బట్టి కథ పుట్టిందా, కథను బట్టి పేరు వచ్చిందా అన్నది పేరు ఒక్కదానితో తేలదు. సహకార సంఘాల సొమ్ము, గుడి మాన్యాల సంగతులకు ఆడిట్ నివేదికలు, శాసనసభ చర్చలు చూడండి.

అచ్చుకు ముందు

అత్యాచార బాధితురాలి పేరు, ఆమెను గుర్తుపట్టగల వివరం చనిపోయినా రాయకూడదు. మైనర్ల పేర్లూ అంతే. చనిపోయినవారి మీద రాసినా, బతికి ఉంటే వారి పరువు పోయేదై, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో ఉంటే పరువునష్టం నేరమవుతుంది. విడుదలైన ప్రతి మనిషి పేరు పక్కనా "నిర్దోషిగా విడుదల", తేదీ, కోర్టు పేరు ఉండాలి. ఈ ముక్కను అధస్సూచికలోకి నెట్టకండి, పేరు వచ్చిన వాక్యంలోనే పెట్టండి. సాక్షుల పేర్లకు బదులు పి.డబ్ల్యు. నంబర్లు చాలు. ఆ ఇళ్లు ఇంకా అదే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి.

ప్రతిని రెండు వైపుల కుటుంబాల్లోనూ ఒక్కో పెద్దమనిషికి విడివిడిగా చదివి వినిపించండి, ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టవద్దు. వారు "ఇది తప్పు" అన్న ప్రతి చోటా మీ దగ్గర ఉన్న కాగితం నంబరు చూపించండి. కాగితం లేని చోట వారి మాటను వారి మాటగానే చేర్చండి.